క్లీట్స్ వదిలి ఫ్లాట్ పెడల్స్‌కి మారడం ఎలా: బెంగళూరు మట్టిదారుల కోసం

పాత పెడల్స్ అప్పుడే అమ్మేయకండి. నా మొదటి సలహా అదే. సైకిల్ పెడల్‌కి బూటును ఇరికించే క్లీట్స్ నుంచి, బూటును ఊరికే పైన ఆనించే చదునైన ఫ్లాట్స్‌కి మారినవాళ్లలో చాలామందికి మొదటి రెండు వారాలు చిరాగ్గా గడుస్తాయి. కాలు నిలవదు, మోకాలి కింద గీరుకుంటుంది, రోజూ ఎక్కే చిన్న గుట్ట దగ్గర కూడా గుంపులో వెనకబడతారు. ఆ చిరాకులో కొత్తవాటిని మూలన పడేసి పాతవాటికి వెళ్లిపోవడం ఒక తప్పు. ఆవేశంలో పాతవాటిని ముందే అమ్మేసి, ఆరు నెలల తర్వాత నంది కొండ రోడ్డు ఎక్కుదామనుకున్నప్పుడు మళ్లీ కొనుక్కోవడం ఇంకో తప్పు. నేను రెండోది చేశాను.

పేర్ల దగ్గర చిన్న గందరగోళం ఉంది, అది కూడా తీర్చేసుకుందాం. బూటు అడుగున ఇనుప ముక్క బిగించి, పెడల్‌లోకి టక్కున ఇరికించే పద్ధతిని ఇంగ్లీషులో క్లిప్‌లెస్ అంటారు. క్లిప్పయ్యేదాన్ని పట్టుకుని క్లిప్ లేనిది అనడం ఏమిటని నేనూ తల గోక్కున్నాను. అంతకుముందు పెడల్ ముందు భాగాన కాలివేళ్లను పట్టుకునే పంజరం, దానికో తోలు పట్టీ ఉండేవి. వాటినే టో క్లిప్ అనేవారు. స్కీలకు బైండింగులు చేసే ఫ్రెంచి కంపెనీ లుక్ 1984లో ఆ పంజరం లేకుండానే బూటును పట్టే పెడల్ తెచ్చింది. మరుసటి ఏడాది బెర్నార్డ్ ఇనో వాటితోనే టూర్ డి ఫ్రాన్స్ గెలిచాడు. 1990లో సైకిల్ భాగాలు చేసే జపాన్ కంపెనీ షిమానో మట్టిదారుల కోసం చిన్న క్లీటుతో ఎస్‌పీడీ తెచ్చింది. మన బెంగళూరు గుంపుల్లో క్లిప్‌లెస్ అనేవాళ్లు తక్కువ. ‘క్లీట్స్’ అంటారు, లేదా ‘ఎస్‌పీడీ’ అంటారు. నేనూ అలాగే అంటాను.

మారాల్సిన అవసరం మీకుందా

నాకు ఆ అవసరం అవలహళ్లి అడవిలో తెలిసింది. యలహంక దాటాక నీలగిరి చెట్ల మధ్య చిన్న ఎక్కుడు. ముందు చక్రం ఒక వేరుకు తగిలి ఆగిపోయింది. వేగం సున్నా. కాలు కింద పెట్టాలి. మడమ బయటికి తిప్పితే క్లీట్ ఊడాలి, భయంలో నేను కాలిని పైకి లాగాను. పైకి లాగితే ఊడదు. అలా నిలువునా, నిదానంగా, నరికిన అరటిచెట్టులా ఎడమ పక్కకు ఒరిగిపోయాను. అక్కడే మేకలు కాస్తున్న పెద్దాయన వచ్చి సైకిల్ పైకి లేపాడు. ఆ చుట్టుపక్కల పల్లెల్లో తెలుగు మాట్లాడేవాళ్లు చాలామందే ఉన్నారు. నా బూటు ఇంకా పెడల్‌కే అతుక్కుని ఉండటం చూసి ఆయన అడిగాడు: “కాలు కట్టేసుకోని ఎట్ల తొక్కుతావప్పా?”

నా దగ్గర సమాధానం లేదు.

భయం ఒక్కటే కారణమైతే మారక్కర్లేదు, ఎస్‌పీడీ పెడల్ మీద ఉండే చిన్న స్క్రూను అలెన్ కీతో వదులు చేస్తే కాలు తేలిగ్గా ఊడుతుంది. నేను మారమనేది వేరే కారణానికి. క్లీట్ మన తప్పులను దాచేస్తుంది. గతుకు మీద సైకిల్ పైకి ఎగరాలంటే రెండు కాళ్లతో పైకి లాగేస్తాం, అది హాప్ అయిందనుకుంటాం. దిగుడులో మడమలు పైకి లేచిపోయినా, బరువంతా చేతుల మీద పడినా కాలు పెడల్ మీదే ఉంటుంది కాబట్టి తప్పు తెలియదు. ఫ్లాట్ పెడల్ మీద అదే తప్పు చేస్తే రెండో రాయి దగ్గరే కాలు గాల్లో ఉంటుంది. అంత ముక్కుసూటి మాస్టారు దొరకడం కష్టం.

“క్లీట్స్ ఉంటే పైకి లాగుతూ కూడా బలం పెట్టవచ్చు కదా?” అని ప్రతి ఆదివారం టిఫిన్ దగ్గర ఎవరో ఒకరు అడుగుతారు. పెడల్ మీద పడే బలాన్ని కొలిచి చూస్తే, మామూలుగా తొక్కేటప్పుడు ముందుకు నడిపే పని దాదాపు అంతా కిందికి తొక్కే కాలే చేస్తుంది. పైకొచ్చే కాలు తన బరువు తాను తేలిక చేసుకుంటే అదే గొప్ప. గట్టి స్ప్రింట్‌లో, బాగా నిటారుగా ఉన్న ఎక్కుడులో మాత్రం క్లీట్స్‌కి కొంచెం మొగ్గు ఉంది, కాదనను. ఒలింపిక్స్‌లో క్రాస్‌కంట్రీ తొక్కేవాళ్లు క్లీట్స్‌తోనే కనిపిస్తారు. కానీ ఫ్లాట్స్ అంటే నేర్చుకునేవాళ్ల కోసమే అనేవాళ్లకు ఒక్క పేరు చెప్పండి. ఆస్ట్రేలియాకు చెందిన శామ్ హిల్ ఫ్లాట్ పెడల్స్ మీదే 2017, 2018, 2019లో వరసగా మూడుసార్లు ఎండ్యూరో వరల్డ్ సిరీస్ గెలిచాడు, అంటే కొండ దిగుళ్లలో టైము కొలిచే పందేల వరస.

ఏం కొనాలి

పెడల్ కన్నా బూట్లు ముఖ్యం. ఇది చెప్తే ఎవరూ వినరు. డబ్బంతా పెడల్ మీద పెట్టి, మెత్తటి నురుగు అడుగున్న రన్నింగ్ షూస్ వేసుకుని వచ్చి, కాలు జారుతోందంటారు.

పెడల్‌లో చూడాల్సినవి నాలుగే. కాలు ఆనే పళ్లెం వెడల్పు, పొడవు సుమారు 100 మి.మీ. ఉండాలి. పాదం పెద్దదైతే 105, 110 మి.మీ. వాటికి వెళ్లండి. మందం తక్కువ ఉంటే మంచిది, రాళ్లకు తగిలే అవకాశం తగ్గుతుంది. మధ్యలో కొంచెం లోతుగా, అంచులు కొంచెం ఎత్తుగా ఉండాలి. అరికాలు ఆ గుంటలో కూర్చుంటుంది. నాలుగోది పిన్నులు, అంటే బూటు అడుగును పట్టుకునే చిన్న ముళ్లు. అవి స్టీలువై ఉండాలి, విడిగా ఊడదీసి మార్చుకునేలా ఉండాలి. పెడల్‌తో కలిపి పోతపోసిన ప్లాస్టిక్ పళ్లు మట్టిదారికి పనికిరావు. నైలాన్ పెడల్, అల్యూమినియం పెడల్ అని రెండు రకాలు దొరుకుతాయి. మొదటిసారికి స్టీలు పిన్నులున్న నైలాన్ జత తీసుకోండి. ధర తక్కువ, పైగా తురహళ్లి గుట్ట బండకు గుద్దుకుంటే నైలాన్ జారిపోతుంది, అల్యూమినియం కరుచుకుని ఆగుతుంది.

బూటు అడుగు చదునుగా ఉండాలి, రబ్బరు మెత్తగా, జిగురుగా ఉండాలి. ట్రెక్కింగ్ బూట్ల అడుగున పెద్ద పెద్ద దిమ్మెలుంటాయి చూడండి, పిన్నులు వాటి మధ్య సందుల్లో పడి పట్టు దొరకదు. ఫైవ్ టెన్ అనే కంపెనీ 1985లో బండలెక్కేవాళ్ల కోసం బూట్లతో మొదలైంది. ఆ జిగురు రబ్బరే తర్వాత సైకిల్ బూట్లకు వచ్చింది. 2011లో దాన్ని అడిడాస్ కొనేసింది. ఆదివారం పొద్దున తురహళ్లికి వెళ్తే బండలు పాకేవాళ్లూ మనమూ ఒకే రాళ్ల దగ్గర తిరుగుతుంటాం, మన కాళ్లకున్న రబ్బరుది కూడా ఒకే వంశం.

ఆ బూట్లకు ఇప్పుడే అంత డబ్బు పెట్టలేమంటే, గోధుమరంగు గమ్ సోల్ ఉన్న బ్యాడ్మింటన్ షూస్ చాలు. నేను మొదటి నాలుగు నెలలు వాటితోనే తొక్కాను. పిన్నులు వాటి అడుగును కొరికేస్తాయి, కాబట్టి కోర్టుకు వేసుకెళ్లే జత వద్దు, పాతది తీయండి. కుడి బూటు లేసు ముడి లోపలికి దోపుకోండి. వేలాడితే చైన్‌రింగ్, అంటే పెడల్స్ దగ్గరుండే పళ్ల చక్రం, దాన్ని లాక్కుపోతుంది.

ఇంకొకటి, షిన్ గార్డ్. ఫుట్‌బాల్ ఆడేవాళ్లు మేజోళ్లలో పెట్టుకునేవి చాలు. నవ్వుతారేమో, నవ్వనీయండి. కాలు జారి పెడల్ గిర్రున తిరిగి వచ్చినప్పుడు ఆ పిన్నులు సరిగ్గా మోకాలి కింద ఎముక మీదే వాలతాయి. నా కుడికాలికి వరసగా నాలుగు చుక్కలు ఇప్పటికీ ఉన్నాయి, ఎవరో కొలిచి పెట్టినట్టు సమాన దూరంలో. టీటీ ఇంజెక్షన్ ఎప్పుడు వేయించుకున్నారో కూడా ఒకసారి గుర్తు తెచ్చుకోండి.

పాతవి ఊడదీయడం

పని చిన్నదే, కానీ సైకిల్ పాడయ్యేది కూడా ఇక్కడే. అందుకే కాస్త నిదానిస్తాను.

పెడల్ ఇరుసు మర కొలత దాదాపు అన్ని మౌంటెన్ బైకులకూ ఒకటే, 9/16 అంగుళం. ఎస్‌పీడీ ఊడదీసి ఏ కంపెనీ ఫ్లాట్ పెడల్ అయినా పెట్టుకోవచ్చు. తేడా ఎక్కడంటే, కుడి పెడల్‌కి మామూలు మర, ఎడమ పెడల్‌కి ఉల్టా మర. ఎందుకలా అంటే ఒక పెన్సిల్ తీసుకోండి. ఎడమ పిడికిట్లో వదులుగా పట్టుకుని, బయటికొచ్చిన కొసను కుడిచేత్తో గుండ్రంగా తిప్పండి. మీరు తిప్పేది ఒక వైపు, పెన్సిల్ తన చుట్టూ తాను తిరిగేది ఇంకో వైపు. తొక్కేటప్పుడు క్రాంక్ (పెడల్ బిగించే కాడ) రంధ్రంలో ఇరుసు చేసేది కూడా ఇదే. రెండు వైపులా మామూలు మరే ఉంటే ఎడమ పెడల్ తొక్కుతూ తొక్కుతూ ఉండగానే ఊడిపోయేది.

ఈ ఉల్టా సంగతి తెలియని చోట ఏం జరుగుతుందో నాకు అనుభవం. ఇంటి దగ్గర ఒక షాపులో ఇచ్చి, నేను పక్కన ఫోన్ చూసుకుంటున్నాను. అక్కడి కుర్రాడు ఎడమ పెడల్ ఎంతకీ రావడం లేదని స్పానర్‌కి పైపు తగిలించి, దాని మీద ఎక్కి నిలబడ్డాడు. అతను విప్పుతున్నానని బిగిస్తున్నాడు. కటుక్కుమన్నప్పుడు తల ఎత్తాను. క్రాంక్ మర పోయింది, కొత్త క్రాంక్ కొన్నాను. అప్పటినుంచి ఈ పని నేనే చేసుకుంటున్నాను.

కుడి, ఎడమ, సవ్యం, అపసవ్యం ఇవేవీ గుర్తుంచుకోవక్కర్లేదు. ఒకటే సూత్రం. స్పానర్ పిడి ఆకాశం వైపు నిలబడి ఉందనుకోండి. దాన్ని వెనక చక్రం వైపు లాగితే పెడల్ ఊడుతుంది, ముందు చక్రం వైపు తోస్తే బిగుస్తుంది. రెండు పెడల్స్‌కీ ఇదే. స్పానర్ బయటి నుంచి పెట్టినా, అలెన్ కీ క్రాంక్ వెనక నుంచి పెట్టినా ఇదే.

ఇప్పుడు పని మొదలుపెట్టండి. ముందు చైన్‌ను పెద్ద చైన్‌రింగ్ మీదికి ఎక్కించండి. పట్టు జారితే వేళ్లు వెళ్లి పడేది దాని పళ్ల మీదే, చైన్ ఉంటే పళ్లు కప్పబడి ఉంటాయి. ఇరుసుకు క్రాంక్ పక్కన చదును అంచులుంటే 15 మి.మీ. స్పానర్ కావాలి. క్రాంక్ వెనక వైపు ఆరు పలకల గుంట ఉంటే అలెన్ కీ, కొన్నింటికి 8 మి.మీ., కొన్నింటికి 6. మామూలు 15 నంబర్ స్పానర్ మందం వల్ల చాలాసార్లు ఆ సందులో దూరదు. ఎస్.జె.పి. రోడ్డులో పనిముట్ల షాపులో అడిగితే పలచటిది దొరుకుతుంది. అలెన్ కీ అయితే పొడవు పిడిది తీసుకోండి. మల్టీటూల్‌తో ఈ పని వద్దు, గుంట అరిగిపోతుంది.

సైకిల్ నేల మీదే నిలబెట్టి, వెనక బ్రేకు పట్టుకోమని ఎవరికైనా చెప్పండి. విప్పే వైపు క్రాంక్ నేలకు సమాంతరంగా ముందుకు ఉండాలి. స్పానర్ పిడి క్రాంక్ మీదుగా వెనక్కి, కాస్త పైకి లేచి ఉండేలా తగిలించండి. ఇప్పుడు పిడినీ క్రాంక్‌నూ కలిపి పిడికిట్లో పట్టుకుని, రెండింటినీ దగ్గరికి నొక్కండి. నిమ్మకాయ పిండినట్టే. ఇలా చేస్తే క్రాంక్ తిరగదు, చెయ్యి ఎగిరి పోయి దేనికీ తగలదు. మొదటి పావు చుట్టు మొండికేస్తుంది, తర్వాత వేళ్లతోనే వచ్చేస్తుంది. ఎంతకీ రాకపోతే మర దగ్గర డబ్ల్యూడీ-40 కొట్టి రాత్రంతా వదిలేయండి. పైపు తగిలించడం ఆఖరి మాట, అదీ ఎటు తిప్పుతున్నారో రెండుసార్లు చూసుకున్నాకే.

కొత్తవి బిగించడం

క్రాంక్ రంధ్రాన్ని పాత బనియన్ గుడ్డతో తుడవండి. కొత్త పెడల్ ఇరుసు మీద ఎల్, ఆర్ అని చెక్కి ఉంటుంది. ఎల్ అంటే సైకిల్ మీద కూర్చున్నప్పుడు మీ ఎడమ. మరకు గ్రీజు పూయండి. ఇది మరిచిపోతే వచ్చే ఏడాది ఊడదీసేటప్పుడు నన్ను తలుచుకుంటారు.

మొదటి నాలుగు చుట్లు వేళ్లతోనే తిప్పాలి. వేళ్లకు బరువనిపిస్తే మర వంకరగా ఎక్కుతోందని అర్థం. వెంటనే వెనక్కి తిప్పి, తీసి, మళ్లీ పెట్టండి. స్పానర్‌తో ‘సర్దేయాలని’ చూడకండి, అల్యూమినియం క్రాంక్ మెత్తనిది, స్టీలు ఇరుసు దాన్ని కోసేస్తుంది. వేళ్లతో చివరిదాకా వెళ్లాక స్పానర్‌తో బిగించండి. బిగింపు కొలిచే టార్క్ రెంచ్ ఉంటే 35 నుంచి 40 న్యూటన్ మీటర్లు. లేకపోతే జానెడు పిడితో గట్టిగా ఒక పట్టు, అంతే. మొదటి రైడ్ అయ్యాక ఇంకోసారి చూసుకోండి. కార్బన్ క్రాంక్‌తో పలచటి వాషర్ వచ్చి ఉంటే అది తప్పకుండా వేయండి.

సీటు కొంచెం దించాలి

చాలామంది వదిలేసే మెట్టు ఇదే. మోకాలి నొప్పికి తర్వాత పెడల్‌ను తిడతారు.

క్లీట్స్‌తో పెడల్ ఇరుసు బొటనవేలి మొదట్లో ఉండే ఉబ్బు కిందకు వస్తుంది. ఫ్లాట్స్ మీద పాదాన్ని ఇంకా ముందుకు జరిపి, ఇరుసు ఆ ఉబ్బుకు కాస్త వెనక, పాదం నడుమ వైపు ఉండేలా పెడతాం. దాంతో కాలు అందే దూరం తగ్గుతుంది. పాత ఎత్తులోనే సీటు ఉంచితే తుంటి అటూ ఇటూ ఊగుతుంది. ముందుగా సీటు గొట్టం మీద కరెంటు పనివాళ్ల నల్ల టేపు ముక్క చుట్టి పాత ఎత్తు గుర్తు పెట్టుకోండి. అక్కడి నుంచి 5 మి.మీ. దించి ఒక రైడ్ చేయండి. ఇంకా ఊగుతోందంటే మరో 5. పరీక్ష తేలిక: సీటు మీద కూర్చుని మడమ పెడల్ మీద పెట్టి వెనక్కి తిప్పండి. పెడల్ అట్టడుగున ఉన్నప్పుడు మోకాలు నిటారుగా రావాలి, తుంటి పక్కకు ఒరగకూడదు.

బేస్‌మెంట్‌లో మూడు రోజులు

నేరుగా అడవికి వెళ్లకండి. అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్ కానీ, పొద్దున ఆరింటికి ముందు ఖాళీగా ఉండే లేఅవుట్ రోడ్డు కానీ చాలు.

మొదటి రోజు కాలు పెట్టడం. నవ్వొచ్చినా సరే, ఇదే అసలు పని. క్లీట్‌లో కాలు ఎక్కడ పెట్టాలో పెడలే చెప్తుంది. ఇక్కడ మీరే చెప్పాలి. ఇంకో తేడా, పిన్నుల మీద కాలిని జరపలేరు. తప్పుగా పడితే ఎత్తి మళ్లీ పెట్టాలి. నెమ్మదిగా వెళ్తూ ఒక కాలు తీయండి, కిందికి చూడకుండా మళ్లీ పెట్టండి. ఇరవై సార్లు ఈ కాలు, ఇరవై సార్లు ఆ కాలు. వాచ్‌మన్ వింతగా చూస్తాడు, మా వాచ్‌మన్ రెండో రోజు కుర్చీ తెచ్చుకుని మరీ చూశాడు.

రెండో రోజు మడమలు. సీటు దించి, రెండు పెడల్స్ సమంగా పెట్టి, లేచి నిలబడి, తొక్కకుండా సైకిల్‌ను దొర్లనివ్వండి. మోకాళ్లు, మోచేతులు కొంచెం వంచండి. ఇప్పుడు రెండు మడమలూ పెడల్ కన్నా కిందికి వేలాడనివ్వండి. పిక్కలు సాగినట్టు తెలియాలి. మీ బరువంతా అరికాళ్లలో ఉండాలి. చేతులు హ్యాండిల్‌ను పట్టుకోవడానికే, మోయడానికి కాదు. ముందు చక్రం రాయికి తగిలితే సైకిల్ ఆగుతుంది, ఒళ్లు ముందుకు పోతుంది. మడమ పైకి ఉంటే ఆ ఊపుకు కాలు పెడల్ మీంచి ముందుకు జారుతుంది. మడమ కిందికి ఉంటే అదే ఊపు కాలిని పెడల్‌లోకి ఇంకా దిగేస్తుంది. కాలు పట్టు తప్పేది ఎక్కువగా ఈ ఒక్క తప్పు వల్లే.

మూడో రోజు స్పీడ్ బ్రేకర్. బెంగళూరులో దీనికి కొరత లేదు, ఏ రెండూ ఒక ఎత్తులో ఉండవు కాబట్టి సాధనకు ఇంకా మంచిది. తొక్కకుండా, నడక కన్నా కొంచెం ఎక్కువ వేగంతో దాని మీదికి వెళ్లండి. చక్రం ఎక్కేముందు కాళ్లతో సైకిల్‌ను కిందికి నొక్కండి, ఎక్కుతున్నప్పుడు మోకాళ్లు వదులు చేసి సైకిల్‌ను పైకి రానివ్వండి. కాలు పెడల్‌ను వదలకూడదు.

అది వచ్చాక వెనక చక్రం లేపడం. క్లీట్స్‌తో పైకి లాగేవారు కదా, ఇప్పుడు లాగడానికి ఏమీ లేదు. నొక్కి లేచిన ఊపులో కాలివేళ్లను కిందికి వంచి, అరికాళ్లతో పెడల్‌ను వెనక్కి, పైకి తోయాలి. గుమ్మం ముందు పట్టా మీద కాళ్లు తుడుచుకుంటాం చూడండి, అచ్చం ఆ కదలికే, కాకపోతే రెండు కాళ్లూ ఒకేసారి. పిన్నులు బూటును పట్టుకుంటాయి, చక్రం లేస్తుంది. మొదటి రోజు నాలుగు వేళ్ల ఎత్తు లేచినా చాలు. నాకు వారం పట్టింది. కర్నూలు నుంచి వచ్చి మా గుంపులో చేరిన ఒక తమ్ముడికి పది నిమిషాలు పట్టింది, ఆ సంగతి మాత్రం నేను ఎవరికీ చెప్పను.

అడవిలోకి

మొదటి రెండు రైడ్‌లు అవలహళ్లి లాంటి మట్టిదారిలో చేయండి. తురహళ్లి తర్వాత. కనకపుర రోడ్డు పక్కనున్న ఆ గుట్ట మీద బండ మెట్లు, వదులు గులకరాళ్లు కలిసి వస్తాయి. అక్కడ తప్పుకు దెబ్బ గట్టిగానే ఉంటుంది. రెండూ అటవీశాఖవి, వెళ్లే రోజున లోపలికి సైకిల్‌కు అనుమతి ఉందో లేదో, ఎన్ని గంటల వరకో గేటు దగ్గర కనుక్కోండి. మూసి ఉంటే కంచె దూరి వెళ్లకండి, ఒకరు చేసిన పనికి అందరికీ దారి మూతపడుతుంది.

ఎక్కుడులో పాత అలవాటు బయటపడుతుంది. తెలియకుండానే కాలు పైకి లాగుతారు, పెడల్ కిందే ఉండిపోయి బూటు ఒక్కటే పైకి వస్తుంది. లాగడం మానేసి, పెడల్ పైకి రాగానే ముందుకు తోయడం మీద ధ్యాస పెట్టండి. ఒక గేరు తేలికది వేసుకోండి. బండల మధ్య పెడల్ కొట్టుకోవడం కూడా పెరుగుతుంది, ఎందుకంటే ఫ్లాట్ పెడల్ ఎస్‌పీడీ కన్నా వెడల్పు. రాళ్లున్న చోట పూర్తి చుట్టు తొక్కకుండా, సగం చుట్టు ముందుకు, మళ్లీ వెనక్కి, మళ్లీ సగం ముందుకు తొక్కుతూ పోవాలి.

దిగుడులో ఒక్కటే గుర్తుపెట్టుకోండి, మడమలు. వదులు మట్టి మలుపులో లోపలి వైపు కాలు తీసి నేలకు దగ్గరగా పెట్టుకోవచ్చు, ఫ్లాట్స్ ఇచ్చే హాయి అది. అయితే కాలు తీశాక మళ్లీ పెట్టడంలో చూపు కిందికి పోకూడదు. బేస్‌మెంట్‌లో ఇరవై సార్లు చేయమన్నది అందుకే.

వానలో ఫ్లాట్స్ అంటే భయపడతారు కానీ, నా అనుభవం దానికి ఉల్టా. బెంగళూరులో సెప్టెంబరు, అక్టోబరు నెలల వానలకు ఎర్రమట్టి ముద్దలా అంటుకుంటుంది. క్లీట్ సందులో ఆ మట్టి ఇరుక్కుంటే బూటు పెడల్‌లోకి వెళ్లనే వెళ్లదు, పుల్లతో గోక్కుంటూ నిలబడాలి. ఫ్లాట్ పెడల్ మీద బూటును ఒకసారి రాస్తే చాలు, ముళ్లు మళ్లీ పట్టుకుంటాయి.

ఎక్కడ తేడా కొడుతోంది

నెల గడిచినా ఇబ్బందిగా ఉంటే పెడల్ మార్చడానికి ముందు ఇవి చూడండి. గతుకుల్లో కాలు ఎగురుతోందంటే మడమలు లేస్తున్నాయి, లేదా మోకాళ్లు బిగదీసుకుంటున్నారు. అరికాలి మధ్యలో నొప్పి వస్తుంటే బూటు అడుగు మరీ మెత్తగా ఉంది. మోకాలి ముందు భాగంలో నొప్పంటే సీటు మరీ దించేసి ఉంటారు, వెనక భాగంలో అయితే ఇంకా ఎత్తులోనే ఉంది. కాలు సరిగ్గా పెట్టుకోలేనంత గట్టిగా పిన్నులు పట్టేస్తుంటే, అంచు పిన్నులు అలాగే ఉంచి మధ్యలోవి రెండు రెండు తీసేయండి. నొప్పి రెండు వారాలకు మించి ఉంటే నా మాట కాదు, డాక్టర్ మాట వినండి.

పిన్నులు బండలకు తగిలి రాలిపోతుంటాయి. కొన్నప్పుడు డబ్బాలో ఇచ్చే అదనపు పిన్నులు పారేయకండి. రాలిన చోట కొత్తది పెట్టేటప్పుడు మరకు ఒక చుక్క నీలం రంగు లాక్‌టైట్ (మర వదులు కాకుండా పట్టే జిగురు) వేస్తే నిలుస్తుంది. నెలకోసారి పెడల్‌ను చేత్తో పట్టుకుని పక్కలకు ఊపి చూడండి. టకటకమని కదిలితే లోపలి బుష్‌లు అరిగాయి.

రెండు నెలల తర్వాత

ఒక ఆదివారం పాత ఎస్‌పీడీలు మళ్లీ బిగించండి. సీటును టేపు గుర్తు దగ్గరికి ఎత్తండి. ఎప్పుడూ వెళ్లే దారికే వెళ్లండి, కాళ్లు ఏం చేస్తున్నాయో గమనించండి. నాకైతే మొదటి వేరు దగ్గరే తెలిసింది. సైకిల్‌ను నేను లాగలేదు. నొక్కాను, వెనక్కి తోశాను, అది దాటింది. క్లీట్ అక్కడ ఉన్నట్టు కూడా అనిపించలేదు.

ఇప్పుడు నాకు రెండూ ఉన్నాయి. నంది కొండకు రోడ్డు మీద వెళ్లే రోజు, ఎనిమిది కిలోమీటర్ల ఎక్కుడు ఉంటుంది కాబట్టి, ముందు రాత్రి ఎస్‌పీడీలు బిగిస్తాను. అవలహళ్లి, తురహళ్లి రోజుల్లో ఫ్లాట్స్. గ్రీజు పూసి ఉంటే మార్చడానికి పది నిమిషాలు పడుతుంది, సీటుతో కలిపి పావుగంట.